కోచ్ అడిగితే సీటు వచ్చేస్తుందా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒక మాట తరచు వినిపిస్తుంది: ‘పిల్లవాడు ఆటలో పైకొస్తే హార్వర్డ్‌లోనో యేల్‌లోనో సీటు తేలిక.’ ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే విన్నవాళ్లు దాన్ని మన ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోని స్పోర్ట్స్ కోటాలా ఊహించుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

మన కోటాలో సర్టిఫికెట్‌దే విలువ. ఏ స్థాయి పోటీకి ఎంత ప్రాధాన్యమో ప్రభుత్వ ఉత్తర్వే చెబుతుంది. అక్కడ జట్టు అవసరానిది విలువ. ఒక ఫుట్‌బాల్ కోచ్ దగ్గర ఇద్దరు మంచి గోల్‌కీపర్లు ఉన్నారనుకోండి. మూడో గోల్‌కీపర్ ఎన్ని పతకాలు తెచ్చినా ఆ ఏడాది ఆయనకు అక్కర్లేదు. మరుసటి ఏడాది ఆ ఇద్దరూ చదువు ముగించి వెళ్లిపోతే, అంతకంటే కాస్త తక్కువ ఆడేవాడికీ పిలుపు వస్తుంది.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా, కార్నెల్, బ్రౌన్, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాలు ఎనిమిదీ కలిసి ‘ఐవీ లీగ్’. ఈ పేరు వినగానే చదువు గుర్తొస్తుంది గానీ, 1954లో ఇవి ఒక కూటమిగా కుదిరింది ఆటల పోటీల కోసం. వాటి నియమాల్లో ముఖ్యమైనది, ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వకపోవడం. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సాయం మాత్రం అందరిలాగే ఆటగాళ్లకూ దొరుకుతుంది. అందువల్ల చేరాక గాయమై ఆట మానేసినా ఆ సాయం పోదు. కోచ్ చేతిలో డబ్బు లేదు. ఆయన ఇవ్వగలిగింది అడ్మిషన్ కార్యాలయానికి ఒక సిఫారసు మాత్రమే. అదీ పరిమితంగానే. అమెరికన్ ఫుట్‌బాల్‌కైతే ఏడాదికి సగటున 30 పేర్లు. స్క్వాష్, ఫెన్సింగ్ లాంటి చిన్న జట్లకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని.

ఆ కొద్ది పేర్లనూ కోచ్ తన ఇష్టానికి ఎంచుకోలేడు. పన్నెండో తరగతి మొదలయ్యే ముందు వేసవిలో విద్యార్థి మార్కులను, పరీక్ష స్కోర్లను అడ్మిషన్ కార్యాలయానికి పంపుతాడు. దీన్ని ‘ప్రీ-రీడ్’ (దరఖాస్తుకు ముందే జరిగే పరిశీలన) అంటారు. వాళ్లు పనికిరాదంటే కోచ్ ఆ పేరు వదిలేసి ఇంకొకరిని వెతుక్కుంటాడు.

ఇక్కడే ‘అకడమిక్ ఇండెక్స్’ (బడి మార్కులను, పరీక్ష స్కోర్లను కలిపి వేసే ఒక అంకె) వస్తుంది. ఆటగాళ్లందరి సగటు అంకె, ఆ విశ్వవిద్యాలయంలోని మొత్తం విద్యార్థుల సగటుకు మరీ దూరంగా పడిపోకూడదు. ఒక ప్రామాణిక విచలనం (సగటు నుంచి మామూలుగా ఉండే ఎడం) లోపలే ఉండాలి. గమనించండి, ఈ నియమం ఒక్కో విద్యార్థికి కాదు, గుంపుకు. దాని ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. కోచ్ తనకు ఎంతో కావలసిన ఒక ఆటగాణ్ని తక్కువ మార్కులతో తీసుకున్నాడంటే, సగటును పైకి లాగే మరొకరిని ఎక్కడో వెతికి తేవాలి. అందుకే ఆటలో రెండో వరసలో ఉన్నా చదువులో మొదటి వరసలో ఉన్న పిల్లలకు కోచ్‌ల దగ్గర గిరాకీ ఉంటుంది. చదువు పక్కనపెట్టి ఆటనే నమ్ముకొమ్మని సలహా ఇచ్చేవాళ్లకు ఈ లెక్క తెలియదు.

ప్రీ-రీడ్ దాటిన విద్యార్థికి కోచ్ ‘నా మద్దతు నీకే’ అంటాడు. విద్యార్థి ‘నేను మీ దగ్గరికే వస్తాను’ అంటాడు. ఇదంతా నోటిమాట. చట్టరీత్యా ఎవరినీ కట్టిపడేయదు. అక్టోబర్ 1 తర్వాత అడ్మిషన్ కార్యాలయం నుంచి రాగల ‘లైక్లీ లెటర్’ (సీటు దాదాపు ఖాయమని చెప్పే ఉత్తరం) ఒక్కటే రాతపూర్వకమైన హామీ. అన్ని చోట్లా ఇంత దూరం కూడా వెళ్లరు. ఎంఐటీలో కోచ్ మంచిమాట చెప్పగలడు, అంతే.

హార్వర్డ్ మీద నడిచిన అడ్మిషన్ల దావాలో బయటపడిన లెక్కల ప్రకారం, కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లలో 86 శాతం మందికి ప్రవేశం దొరికింది. ఆటగాళ్లూ, పూర్వ విద్యార్థుల పిల్లలూ వంటి ప్రత్యేక వర్గాల్లో లేని మామూలు దరఖాస్తుదారుల్లో అది 6 శాతం కూడా లేదు. తేడా చాలా పెద్దదే. కానీ ఆ 86ను ఏ ఆటగాడికైనా సీటు వచ్చే అవకాశంగా చదవకూడదు. జల్లెడ పట్టడం వేసవిలోనే అయిపోయింది. రాలిపోయినవాళ్లు ఈ లెక్కలోకే రారు.

ఈ ఏర్పాటులో ఒక బలహీనత చాలాకాలం ఎవరికీ పట్టలేదు. విద్యార్థి చదువును అడ్మిషన్ కార్యాలయం పరీక్షిస్తుంది. ఆటను మాత్రం కోచ్ చెప్పినంత మేరకు నమ్ముతుంది. 2019 మార్చిలో బయటపడిన కుంభకోణం ఈ సందులోంచి వచ్చిందే. రిక్ సింగర్ అనే దళారి కోచ్‌లకు డబ్బిచ్చి, ఆయా ఆటలు ఆడనివాళ్లను ఆటగాళ్లుగా చూపించాడు. యేల్ మహిళల సాకర్ కోచ్ రూడీ మెరెడిత్ నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. ఆ తర్వాత కోచ్ ఇచ్చిన పేర్లను పైఅధికారులూ పరిశీలించే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు దీని గురించి ఎందుకు మాట్లాడుకోవాలంటే, చుట్టూ రెండు మార్పులు జరిగాయి. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని ఆపింది. ఆటగాళ్లకిచ్చే ప్రాధాన్యం మాత్రం అలాగే మిగిలింది. 2025లో ఒక కోర్టు ఒప్పందం, కళాశాలలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించేందుకు దారి తెరిచింది. ఐవీ లీగ్ అందులో చేరలేదు. మేటి ఆటగాళ్లు డబ్బిచ్చే చోటికి పోతే, ఐవీ కోచ్‌లు చదువునూ ఆటనూ సమంగా చూసే కుటుంబాల వైపు ఇంకా ఎక్కువగా చూడాల్సి వస్తుంది.

ఆ కుటుంబాలు ఎలాంటివి? హార్వర్డ్‌లో 42 జట్లున్నాయి. వాటిలో పడవ పందెం, స్క్వాష్, ఫెన్సింగ్, తెరచాప పడవలు కూడా ఉన్నాయి. ఇవి మామూలు ప్రభుత్వ బడిలో నేర్పే ఆటలు కావు. శిక్షణకు, ప్రయాణాలకు ఏళ్ల తరబడి ఖర్చు పెట్టగలిగిన ఇంటి పిల్లలకే అందుతాయి. ఆటగాడి శ్రమ నిజమే, కానీ ఆ శ్రమ పడే అవకాశం అందరికీ సమానంగా లేదు. నా దృష్టిలో ఈ పద్ధతికున్న అసలు లోపం ఇదే. లంచాల కుంభకోణం దీనికంటే చిన్నది.

పిల్లల్ని ఈ దారిలో నడిపిస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. కోచ్ ఆప్యాయంగా మాట్లాడితే సంతోషించండి, కానీ రెండు విషయాలు సూటిగా అడగండి: ప్రీ-రీడ్‌లో ఏమన్నారు? నా బిడ్డ పేరు మీరు అడ్మిషన్ కార్యాలయానికి ఇచ్చే జాబితాలో ఉందా? తేటగా జవాబు రాకపోతే, మిగతా కళాశాలల దరఖాస్తులు ఆపకండి.