ఆకు, కంప్యూటరు, గోళీ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడూ పాత వరంగల్ జిల్లాలోని ఊళ్లు. 2016లో కొత్త జిల్లాలకు కేంద్రాలయ్యాయి. ఈ ప్రాంతపు చెలకల్లో, అడవుల్లో మందు మొక్కలకు కొదవ లేదు. తిప్పతీగ, నేరేడు, మారేడు, పొడపత్రి, ఏగిస. చక్కెర జబ్బుకు వీటిని వాడటం పెద్దల కాలం నుంచీ ఉంది.

“పసరు తాగితే షుగరు దిగుతది” అనేవాళ్లు ఊరూరా ఉంటారు. “గోళీలు మానెయ్, ఆకు చాలు” అనేవాళ్లూ ఉంటారు. మొదటి మాటలో కొంత నిజం ఉండొచ్చు. రెండో మాట ప్రాణానికే ముప్పు. ఎందుకు?

చక్కెర జబ్బు అంటే ఏమిటి?

అన్నం, రొట్టె, గటక ఏది తిన్నా పేగుల్లో అరిగి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర రక్తంలో కలుస్తుంది. రక్తం నుంచి అది ఒంటికి పట్టాలంటే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ చాలకపోయినా, సరిగా పని చేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. అదే చక్కెర జబ్బు. ఏళ్ల తరబడి అట్లాగే ఉంటే కళ్లు, మూత్రపిండాలు, గుండె, కాళ్లు దెబ్బతింటాయి. 2023లో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉంది.

తాళం, తాళంచెవి

తిన్న తిండిని పేగుల్లో చక్కెరగా కోసే పనివాళ్లు ఉన్నారు. వాటిని ఎంజైములు అంటారు. కంటికి కనిపించవు. తాళానికి కన్నం ఉన్నట్టు ఎంజైముకు ఒక గుంట ఉంటుంది. తిండి ముక్క ఆ గుంటలో పడితేనే పని జరుగుతుంది. వేరే పదార్థం అందులో ఇరుక్కుంటే పని నెమ్మదిస్తుంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి రాదు. అకార్బోస్ అనే గోళీ చేసే పని ఇదే.

పొడపత్రి ఆకు నమిలి చక్కెర తింటే తీపి తెలియదు. ఆకులోని పదార్థం నాలుక మీది తీపి తాళాన్ని కాసేపు మూసేస్తుంది. అయితే నాలుకకు తీపి తెలియకపోవడం వేరు. రక్తంలో చక్కెర తగ్గడం వేరు.

కంప్యూటరు ఏం చేస్తుంది?

ఒక్క ఆకులో ఎన్నో పదార్థాలు ఉంటాయి. వాటిలో ఏది పనికొస్తుంది? ఒక్కొక్కటే పరీక్షిస్తే ఏళ్లు పడుతుంది. ఇక్కడే కంప్యూటరు అక్కరకొస్తుంది. చెన్నైలోని గణిత శాస్త్ర సంస్థ 2018లో మన మందు మొక్కల పట్టిక ఒకటి కంప్యూటరులో పెట్టింది. 2022 నాటికి అందులో 4 వేలకు పైగా మొక్కలు, సుమారు 18 వేల పదార్థాలు చేరాయి.

కంప్యూటరు ఒక్కో పదార్థం రూపాన్ని ఎంజైము గుంటలో అటు తిప్పి, ఇటు తిప్పి పెట్టి చూస్తుంది. ఎంత గట్టిగా పట్టిందో లెక్క కట్టి మార్కులు వేస్తుంది. సంచెడు తాళంచెవుల్లోంచి పనికొచ్చేటట్టున్న నాలుగింటిని ఏరినట్టు.

కంప్యూటరు చెప్పలేనిది

మార్కులు వచ్చినంత మాత్రాన అది మందు కాదు. ఎంత తినాలి? కాలేయానికి చెరుపు చేస్తుందా? ఇవి మొదట గాజు గొట్టాల్లో, తర్వాత ఎలుకల్లో, చివరికి మనుషుల్లో పరీక్షిస్తేనే తెలుస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మెంతులను రోగులకిచ్చి చూసి, 1990లో ఫలితాలు చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి ఏగిసను 97 మందికి ఇచ్చి చూసింది. మూడింట రెండు వంతుల మందికి చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించింది. అయితే వాళ్లు కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు. మందు కొలిచి ఇచ్చారు. డాక్టర్లు కనిపెట్టుకుని ఉన్నారు.

గోళీకీ మూలం మొక్కే

దవాఖానలో ఇచ్చే మెట్‌ఫార్మిన్ గోళీ వెనక కూడా ఒక మొక్క ఉంది. యూరప్‌లో పెరిగే ఆ మొక్క పేరు గలేగా. దానిలోని పదార్థం చక్కెరను తగ్గిస్తుంది. కాని అది విషం. ఆ మొక్క మేసి గొర్రెలు చచ్చిపోయేవి. అందుకే దాన్ని పోలిన వేరే పదార్థం వెతికారు. మెట్‌ఫార్మిన్ 1922లో తయారైంది. రోగులకు ఇచ్చి ఫలితం చెప్పింది 1957లో. ఆకుకూ గోళీకీ మధ్య దూరం అంత ఉంటుంది.

ఏం చేయాలి?

డాక్టరు చెప్పకుండా గోళీలు, ఇన్సులిన్ మానవద్దు. గోళీతో పాటు పసరు కూడా తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. మనిషి తెలివిలో ఉంటే వెంటనే చక్కెర గాని, బెల్లం గాని తినిపించి దవాఖానకు తీసుకుపోవాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చక్కెర పరీక్ష ఉచితం. పోయేటప్పుడు వాడుతున్న ఆకు పేరు, రోజుకు ఎంత, ఎన్నాళ్ల నుంచి అనేది ఒక చిట్టీ మీద రాసుకుపోవాలి. దాచిపెట్టకుండా డాక్టరుకు చూపాలి.