రీల్స్‌కు మైక్ కొంటున్నారా? ఒక్క నిమిషం.. ముందు ఇవి తెలుసుకోండి!

వికారాబాద్: అనంతగిరి కొండల్లో వ్యూ అదిరింది. వీడియో క్లారిటీ సూపర్. కానీ ప్లే చేస్తే మాట వినిపించదు.. గాలి హోరు తప్ప! అదే తాండూరులో అయితే నాపరాయి పాలిషింగ్ మిషన్ల మోత. దీంతో చాలామంది ఫోన్ బాగాలేదనుకుని ఖరీదైన వైర్‌లెస్ మైక్‌ల వైపు చూస్తుంటారు. నిజానికి తప్పు ఫోన్‌ది కాదు.. దూరానిది.

దూరమే అసలు సమస్య

నోటికి, మైక్‌కు మధ్య దూరం రెట్టింపైతే మాట శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టుపక్కల మోత మాత్రం తగ్గదు. అందుకే ఆరడుగుల దూరంలో ఉన్న ఖరీదైన ఫోన్ కంటే, గడ్డం కింద జానెడు దూరంలో చొక్కాకు పెట్టుకున్న చవక మైకే నయం.

పైసా ఖర్చు లేకుండా..

ఇంట్లో పాత ఫోన్, వైర్ ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా? ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకోండి. ఇయర్‌ఫోన్స్ మైక్‌ను చొక్కాకు తగిలించండి. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొడితే చాలు.. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర వీడియో, ఆడియో కలిపేయొచ్చు.

కొనాల్సి వస్తే?

మొదటి మైక్‌గా వైర్ ఉన్న కాలర్ మైక్ చాలు. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఫోన్‌కు 3.5 ఎంఎం జాక్ ఉందా, టైప్-సీనా చూసుకోండి. జాక్ మీద మూడు గీతలుంటేనే ఫోన్‌కు సరిపోయే రకం. కొండల మీద షూట్ చేసేవాళ్లు మైక్‌కు బొచ్చు తొడుగు తప్పకుండా తీసుకోవాలి. గాలి హోరును చాలావరకు ఆపేది అదే.

నడుస్తూ, దూరం నుంచి మాట్లాడే వీడియోలకైతే వైర్‌లెస్ అవసరమే. అయితే వీటిలో చాలావరకు వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. రద్దీ ప్రాంతాల్లో సిగ్నల్ తెగొచ్చు. ఇక 96, 192 కిలోహెర్ట్జ్ అంటూ చెప్పే అంకెలకు ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. వీడియోకు 48 కిలోహెర్ట్జ్ సరిపోతుంది.

గదిలో గొంతు మోగుతోందా?

తాండూరు వైపు ఇళ్లలో బండల గచ్చు ఎక్కువ. గట్టి రాయికి తగిలి మాట తిరిగి మోగుతుంది. ఎంత ఖరీదైన మైక్ అయినా ఆ మోతను కూడా పట్టేస్తుంది. కింద బొంత పరిచి, వెనక దుప్పటి కడితే తేడా మీకే తెలుస్తుంది.

చివరగా.. షాపులోనే మీ ఫోన్‌కు మైక్ పెట్టి ఒక నిమిషం రికార్డ్ చేయండి. ఇయర్‌ఫోన్స్‌లో విని, మాట స్పష్టంగా ఉంటేనే డబ్బులివ్వండి. బిల్లు మాత్రం మర్చిపోవద్దు.