ఆపడానికీ ఓ వరస ఉంది

ఉత్తరాంధ్ర తీరంలో అలివి వల లాగడం చూసినవాళ్లకు ఈ సంగతి తొందరగా బోధపడుతుంది. వల తాళ్లు రెండూ ఒడ్డు మీద రెండు జట్ల చేతుల్లో ఉంటాయి. రెండు జట్లూ ఒకే ఊపున లాగాలి. ఒకవైపు వాళ్లు చెప్పాపెట్టకుండా తాడు వదిలేస్తే వల ఒరిగిపోతుంది, చేప జారిపోతుంది.

అదే తీరాన భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఏ విమానాశ్రయమైనా తీసుకోండి, ప్రతి టికెట్టూ, ప్రతి పెట్టే, ప్రతి గేటు మార్పూ ఒక రికార్డు. ఇలాంటి రద్దీని ఒక్క కంప్యూటరు మీద మోపకుండా చాలా యంత్రాలకు పంచే డేటాబేసులున్నాయి. ఫేస్‌బుక్‌లో అవినాష్ లక్ష్మణ్, ప్రశాంత్ మాలిక్ తయారుచేయగా 2008లో అందరికీ అందిన కసాండ్రా అలాంటిదే. అందులో ఒక్కో రికార్డుకు సాధారణంగా మూడు నకళ్లు వేర్వేరు యంత్రాల్లో ఉంచుతారు.

కౌంటరు దగ్గర అడిగేది ఒక్క ప్రయాణికుడి రికార్డు. “పోయిన నెలలో ఏ గంటకు జనం ఎక్కువ?” అన్న ప్రశ్నకు మాత్రం రికార్డులన్నీ తిరగేయాలి. ఆ పనికి స్పార్క్ వాడతారు. 2009లో బర్క్‌లీలో మతేయ్ జహారియా మొదలుపెట్టాడు దాన్ని. రెండు పనులూ ఒకే యంత్రాల మీద పెడితే కౌంటరు ముందు వరుస పెరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు కొన్ని యంత్రాలను విశ్లేషణకే విడిగా ఉంచి, నకళ్లు వాటంతటవే అక్కడికి చేరేలా చూస్తారు.

స్పార్క్ పని మొదలుపెట్టడం తేలిక. డ్రైవర్ అనే పెద్ద ప్రోగ్రాము ఇన్ని కోర్లు, ఇంత మెమరీ కావాలని అడుగుతుంది. దొరికితే ఒక్కో యంత్రంలో ఎగ్జిక్యూటర్ అనే పనివాడు లేచి, వచ్చానని చెబుతాడు. ఈ పంపకం చేసే యార్న్ అనే వ్యవస్థపై 2013లో వచ్చిన పత్రంలో మొదటి రచయిత పేరు వినోద్ కుమార్ వావిలపల్లి. మన తెలుగు ఇంటిపేరు అక్కడ చూసి సంతోషించాను.

చిక్కంతా ఆపడంలోనే, వల తాడు వదిలినట్టే. లైనక్స్‌లో 15వ నంబరు సంకేతం “ఇక చాలు, సర్దుకో” అని చెబుతుంది. 9వ నంబరు మాట వినిపించుకోదు, ఉన్నపళాన చంపేస్తుంది. పనివాడొకడు ఇలా పోతే నష్టం కొంతే. ఏ ముక్క ఎలా లెక్కకొచ్చిందో స్పార్క్ గుర్తుంచుకుంటుంది కాబట్టి ఆ ముక్కనే మళ్లీ లెక్కిస్తుంది. డ్రైవరే పోతే మొత్తం పని మొదటికొస్తుంది. డేటాబేసు సంగతి వేరు. కసాండ్రా ప్రతి రాతనూ ముందు కమిట్ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. ఉన్నపళాన ఆగిన యంత్రం తిరిగి లేచాక ఆ చిట్టాలో మిగిలినదంతా చదువుకోవాలి, అందుకే ఆలస్యం. ఆపేముందు “డ్రెయిన్” ఆదేశమిస్తే మెమరీలో ఉన్నదంతా డిస్కుకు దించి, కొత్త రాతలు తీసుకోవడం మానేస్తుంది.

కాబట్టి వరస ఇది: ముందు కొత్త ప్రశ్నలు ఆపాలి, నడుస్తున్నవి ముగియనివ్వాలి, స్పార్క్ తీసుకున్న కోర్లు, మెమరీ తిరిగి ఇచ్చేయాలి, చివర్లో డ్రెయిన్ చేసి డేటాబేసు ఆపాలి. ఇలాంటి వ్యవస్థ మీ చేతిలో ఉంటే రద్దీ లేని ఓ రాత్రి ఈ వరసలో ఒకసారి ఆపి, మళ్లీ లేపి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి.