ఇంటర్న్‌షిప్ ఎవరికి దొరుకుతోంది? - కంపెనీలు పాటించవలసిన పద్ధతులు

ఇంజనీరింగ్ చదివే పిల్లల్ని కొన్ని వారాలో, కొన్ని నెలలో తమ దగ్గర పెట్టుకుని పని నేర్పడాన్ని మన కంపెనీలు ఇప్పటికీ ఒక ధర్మకార్యం లాగానే చూస్తున్నాయి. "ఫలానావారి అబ్బాయి, రానివ్వండి, ఓ మూల కూచుంటాడు" అన్నట్టుగానే వ్యవహారం నడుస్తోంది. ఆ ఫలానావారు ఎవరు, ఎవరి పిల్లలు ఆ మూల దాకా కూడా రాలేకపోతున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నతో మొదలుపెట్టి, కంపెనీలు ఇంటర్న్‌లను ఎలా తీసుకోవాలి, ఎలా చూడాలి, ఏమిచ్చి పంపాలి అనే విషయాలను ఇక్కడ వివరిస్తున్నాం. ఇవి కంపెనీలకు చెప్పే మాటలే. అయితే కంపెనీలతో ఒప్పందాలు రాసుకునే అధ్యాపకులు, నిలదీసి అడగవలసిన విద్యార్థులు, కార్యకర్తలు వీటిని ముందుగా తెలుసుకోవాలి.

సీటుకు ఉన్న రక్షణ కుర్చీకి లేదు

ఒకప్పుడు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ అంటే వీలున్నవాళ్లు చేసేది. ఇప్పుడలా కాదు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్‌లోని జె.ఎన్.టి.యు.ల 2020 రెగ్యులేషన్లు వేసవి ఇంటర్న్‌షిప్‌లను, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌ను డిగ్రీలో భాగం చేశాయి. ఇంటర్న్‌షిప్ లేకుంటే క్రెడిట్లు లేవు, క్రెడిట్లు లేకుంటే పట్టా లేదు. పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే అయినా దానికి కావలసిన కాగితం కంపెనీ చేతిలో ఉంది. కాలేజీ సీటుకు రిజర్వేషన్ ఉంది. కంపెనీ కుర్చీకి లేదు. సీటుతో లోపలికి వచ్చిన మాల, మాదిగ, ఆదివాసీ పిల్లలు ఈ రెండో తలుపు దగ్గర ఆగిపోతున్నారు.

దీనికి చట్టమే లేదా అని అడగవచ్చు. దగ్గరి చట్టం ఒకటుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లను అందులోకి తెచ్చారు. శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉండాలని అదే చట్టంలోని 3-ఎ సెక్షన్ చెబుతుంది. స్టైపెండ్ ఇవ్వాలి, కార్మికులకు ఉన్న ఆరోగ్య, భద్రతా నియమాలు అప్రెంటిస్‌లకూ వర్తింపజేయాలి. కానీ చదువు మధ్యలో కాలేజీ ఉత్తరం పట్టుకుని వెళ్లే ఇంటర్న్ మామూలుగా ఈ చట్టం కిందికి రాడు. 2024లో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కూడా పూర్తికాలం చదువుతున్నవాళ్లను పక్కన పెట్టింది. అంటే శిక్షణ తప్పనిసరి అయినవాళ్లకే రక్షణ లేకుండా పోయింది.

ఇది కొత్తగా పుట్టిన సమస్య కాదు. 1942 అక్టోబరులో వైస్రాయికి ఇచ్చిన విజ్ఞాపనలో అంబేద్కర్ స్కాలర్‌షిప్పులు అడిగి ఊరుకోలేదు. ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అంటరాని కులాల యువకులకు సాంకేతిక శిక్షణ ఇవ్వాలని కూడా అడిగారు. పుస్తకం దొరికినంత మాత్రాన పనిముట్టు చేతికి రాదని ఆయనకు తెలుసు.

"మీరేమిట్లు?"

కంపెనీలో కులం ఎవరు అడుగుతారండీ అంటారు. "మీరేమిట్లు?" అని సూటిగా అడగరు, నిజమే. ఇంటిపేరు అడుగుతారు. మీదే ఊరు, ఊళ్లో ఇల్లు ఎక్కడ, నాన్నగారేం చేస్తారు, ఎంట్రన్సులో ర్యాంకెంత అని అడుగుతారు. ఈ నాలుగు ప్రశ్నలతో కులం బయటపడుతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ ఎట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపారు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ అదే ఏడాది ఢిల్లీ ప్రాంతపు కంపెనీల నియామకాధికారులతో మాట్లాడిన అధ్యయనం ప్రచురించారు. ఆ అధికారులు ఒకపక్క ప్రతిభే చూస్తామంటూనే మరోపక్క కుటుంబ నేపథ్యం ముఖ్యమన్నారు. ఇవి ఉద్యోగాల సంగతి. ప్రకటనే లేని ఇంటర్న్‌షిప్‌లో సిఫారసుకు ఇంకెంత చోటుంటుందో ఊహించుకోవచ్చు.

ఏం చేయాలి

మొదటిది ప్రకటన. ఎన్ని స్థానాలు, ఏ బ్రాంచి వాళ్లకు, ఎన్ని వారాలు, స్టైపెండ్ ఎంత అన్నది రాసి జిల్లాల్లోని ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీలతో సహా అన్నిటికీ పంపాలి. ఉద్యోగుల బంధువులు వస్తే వాళ్లూ అదే దరఖాస్తు పెట్టుకోవాలి.

రెండోది ఎంపిక. దరఖాస్తులో ఫొటో, తండ్రి వృత్తి, సొంతూరు, ఎంట్రన్సు ర్యాంకు అక్కర్లేదు. పనికి సంబంధించిన చిన్న సమస్య ఇచ్చి, పేరు కనబడకుండా దిద్దండి. ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం సర్క్యూట్ అర్థమైనట్టు రుజువు కాదు. తెలుగులో చెబితే వినండి. కులం అడగొద్దంటూనే రిజర్వేషన్ ఎందుకు అడుగుతున్నారని కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. కమ్యూనిటీ సర్టిఫికెట్లు కాలేజీ ఆఫీసులో ఎటూ ఉంటాయి. ప్రవేశాల్లో పాటించే శాతాల ప్రకారం జాబితా కాలేజీయే తయారుచేయాలి. ఎవరు ఏ జాబితాలో వచ్చారో గైడ్‌కు గాని, పక్కన పనిచేసేవాళ్లకు గాని తెలియవలసిన పనిలేదు.

మూడోది డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజు కడుతుంది గాని హైదరాబాద్‌లో గది అద్దె కట్టదు. కూలికి పోయే తల్లి కొడుకును రెండు నెలలు పట్నంలో ఉంచి పోషించలేదు. కాబట్టి స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ ఉన్నవాళ్లకే ఉచితం. 2019లో సవరించిన అప్రెంటిస్ నియమాలు డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు అన్నాయి. ఇంటర్న్‌కు అంతకన్నా తగ్గించడానికి న్యాయమైన కారణం కనిపించదు. అదికూడా మొదటి నెలది ముందే ఇవ్వాలి. నెలాఖరున ఇస్తామంటే అద్దె, అడ్వాన్సు ఎవరు కడతారు? కంప్యూటర్ కంపెనీయే ఇవ్వాలి. శిక్షణ ఫీజని, డిపాజిట్ అని విద్యార్థి దగ్గర పైసా తీసుకోకూడదు.

నాలుగోది పని. మొదటి రోజే ఏం నేర్చుకోవాలో, ఏం చేసి చూపించాలో ఒక కాగితం మీద రాసివ్వండి. ఒక గైడ్‌ను పేరు పెట్టి నియమించండి. ఆయన వారానికోసారైనా కూచుని విద్యార్థి డైరీ చూడాలి. ఫ్యాక్టరీలో అయితే హెల్మెట్, బూట్లు ఇచ్చి, యంత్రం దగ్గర ఒంటరిగా వదలకుండా చూడాలి. ఎవర్ని ఏమని పిలవాలి, సెలవు ఎలా అడగాలి, అర్థంకాకపోతే ఎవర్ని కదిలించాలి అన్నవి కూడా చెప్పాలి. ఇంజనీరు ఇంట్లో పుట్టిన పిల్లలకు ఇవి అన్నం తింటూనే తెలిసిపోతాయి. మొదటి తరం పిల్లలకు ఎవరూ చెప్పరు, తెలియకపోతే మాత్రం "చురుకు లేదు" అని రాస్తారు.

ఐదోది మర్యాద. "గవర్నమెంటు అల్లుళ్లు" లాంటి మాటలు సరదా కాదని సిబ్బందికి ముందే చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని నలుగురి ఎదుట కావాలని అవమానించినా, కులం పేరుతో తిట్టినా 1989 అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. లైంగిక వేధింపులపై 2013 చట్టం ట్రైనీలకూ వర్తిస్తుంది, పది మంది పనిచేసే చోట కమిటీ ఉండాలి. ఆ కమిటీ సభ్యులెవరో, కుల వివక్షపై ఎవరికి చెప్పుకోవాలో మొదటి రోజే చెప్పండి. ఫిర్యాదు అందుకునేవాళ్లలో కాలేజీ వైపు నుంచి ఒకరు ఉండాలి. మార్కులు వేసే గైడే ఫిర్యాదు విచారిస్తే ఎవరూ నోరు విప్పరు.

ఆఖరిది సర్టిఫికెట్. ఏం పని చేశాడో, ఏం నేర్చుకుందో వివరంగా రాసి, పని ముగిసిన వారంలోగా ఇవ్వాలి. ఈ కాగితం దొరకనివాళ్ల కోసం పట్నాల్లో దుకాణాలు వెలిశాయి. డబ్బు కడితే ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ రెండూ అచ్చేసి ఇస్తారు. అప్పుచేసి అది కొన్న పిల్లవాడు రేపు ఇంటర్వ్యూలో పని తెలియక దొరికిపోతాడు, రిజర్వేషన్ వాళ్లింతే అనిపించుకుంటాడు. తలుపు మూసినవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎవరు అడగాలి

చిన్న కంపెనీలు ఇదంతా భరించలేవని అంటారు. పది మందికి నేర్పలేకపోతే ఇద్దరినే తీసుకోండి, ఆ ఇద్దరికీ స్టైపెండ్ ఇచ్చి తీసుకోండి. పెద్ద కంపెనీలకు ఆ సాకు కూడా లేదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడు, 2006-07లో, చట్టం అక్కర్లేదు మేమే స్వచ్ఛందంగా చేస్తామని పరిశ్రమల సంఘాలు ప్రవర్తనా నియమావళి ప్రకటించుకున్నాయి. ఇంటర్న్‌షిప్ ఆ మాట నిలబెట్టుకోవడానికి అతి సులువైన చోటు.

అధ్యాపకులు పై ఆరు విషయాలూ ఒప్పందంలో రాయించాలి. ఒప్పుకోని కంపెనీకి విద్యార్థులను పంపకూడదు. ఇంటర్న్‌షిప్ దొరకనివారికి యూనివర్సిటీ ప్రయోగశాలల్లో, ప్రభుత్వ శాఖల్లో స్థానం చూపించాలి. తప్పనిసరి చేసినవాళ్లదే ఆ బాధ్యత. ప్రభుత్వ రంగ సంస్థలు, యూనివర్సిటీలు 2005 సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. గత మూడేళ్లలో ఎందర్ని ఇంటర్న్‌లుగా తీసుకున్నారు, ఏ పద్ధతిలో తీసుకున్నారు, స్టైపెండ్ ఎంత, అందులో ఎస్సీ, ఎస్టీలెందరు అని విద్యార్థి సంఘాలు అర్జీ పెట్టాలి. లెక్కలు లేవని జవాబొస్తే ఆ జవాబునే పట్టుకుని వైస్‌ఛాన్సలర్ దగ్గరికి వెళ్లాలి. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌ల ఉత్తరాలు బయలుదేరకముందే ఈ పని మొదలుకావాలి.