మా సంఘం పుస్తకం

మాది నంద్యాల జిల్లా రుద్రవరం, నల్లమల పక్కనుండే ఊరు. మా పొదుపు సంఘంలో పది మందిమి. మా అత్త కాలంలో రోజుకు రూపాయి దాచేవాళ్లు. బిడ్డకు జ్వరమొస్తే వడ్డీకిచ్చేవాళ్ల గడప తొక్కకూడదనే ఆ రూపాయి.

1992లో నాబార్డు ఇలాంటి సంఘాలకు బ్యాంకు అప్పుల దారి తెరిచింది. 1995లో మా ఉమ్మడి కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం అండతో ఆడవాళ్లు సంఘాలు కట్టారు. తర్వాత మండల సమాఖ్యగా ఒక్కటయ్యారు.

సమావేశం, పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం: వీటిని పంచసూత్రాలంటారు. నా మటుకు పుస్తకమే పెద్దది. అక్షరం రాని పెద్దమ్మ కూడా “నా లెక్క గట్టిగా చదువు పాపా” అంటుంది. అందరి ముందూ చదువుతాం. అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

పోయిన ఏడు అప్పు వంతు మా వదినది. బర్రె కొందామనుకుంది. అదే వారం ఇంకొకామె కూతురికి కాన్పు కష్టమైంది. “ముందు ఆ పిల్ల సంగతి చూడండి. నా బర్రె వచ్చే నెల” అంది వదిన. ఆ పూటే డబ్బు చేతికిచ్చాం.

మీ వీధిలో ఏ సంఘంలోనూ లేని ఒంటరి ఆడమనిషి ఉంటే, ఈసారి సమావేశానికి వెంటబెట్టుకు రండి.