గొలుసు కట్టిన సాక్ష్యం

జంషెడ్‌పూర్ టాటా స్టీల్ కర్మాగారంలో కరిగిన ఉక్కు ప్రతి విడతకూ ఒక హీట్ నంబరు పడుతుంది. ఆ ఉక్కు రేకై ఏ ఊరు చేరినా, నంబరు చూస్తే అది ఏ విడతదో, అందులో కర్బనం ఎంతో, గంధకం ఎంతో చెప్పేయొచ్చు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి తరాలుగా ఇక్కడ పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే. ఉక్కు రేకుకు ఉన్నపాటి పుట్టుపూర్వోత్తరాలు మన ఆసుపత్రి రికార్డుకు ఉండొద్దా?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు హ్యాకర్ల చేతికి చిక్కాయి. ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు రోజుల తరబడి చేత్తో రాయాల్సి వచ్చింది. రికార్డు అందకపోవడం ఒక ఆపద. అది ఉన్నచోటే ఉండి, ఎవరూ గమనించకుండా మారిపోవడం అంతకంటే భయంకరం. బ్లడ్ గ్రూపులో ఒక్క అక్షరం తారుమారైతే ప్రాణం మీదికొస్తుంది.

ఈ రెండో ఆపదకు విరుగుడు 1991లోనే పుట్టింది. అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధకులు స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా డిజిటల్ పత్రాలకు చెరగని తేదీ ముద్ర వేసే పద్ధతి కనిపెట్టారు. పత్రం నుంచి గణితం ఒక వేలిముద్ర తీస్తుంది, దాని పేరు హాష్. నేడు వాడుకలో ఉన్న ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాలు. రిపోర్టులో షుగర్ 110ని 111గా దిద్దితే చాలు, ఆ ముద్ర పోలికే లేకుండా మారిపోతుంది. ప్రతి ముద్రలోనూ దాని ముందుదాన్ని కలిపి అల్లితే గొలుసు తయారవుతుంది. నడుమ ఒక్క కొక్కెం మార్చినా ఆ తర్వాతివన్నీ తప్పుతాయి. 1995 నుంచి వాళ్ల కంపెనీ ఈ ముద్రలను వారం వారం న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చు వేయించింది. ఊరూరా చేరిన పేపర్లన్నిటినీ వెతికి దిద్దగలవాడెవడు? 2008లో బిట్‌కాయిన్ పత్రం రాసిన సతోషి నకమోటో వీళ్ల పరిశోధనలను కూడా ఆధారంగా చూపాడు. పేపరు చేసిన పనిని అక్కడ వేల కంప్యూటర్లు చేస్తాయి. ఇలాంటి గొలుసుకే బ్లాక్‌చెయిన్ అని పేరు.

2007లో పెద్ద సైబర్ దాడులకు గురైన ఎస్టోనియా 2016లో ఈ పద్ధతిని రోగుల రికార్డులకు తెచ్చింది. జబ్బు వివరాలు గొలుసులోకి వెళ్లవు, వేలిముద్రలే వెళ్తాయి. తన రికార్డు ఎవరు తెరిచారో రోగి ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

బ్లాక్‌చెయిన్ దొంగను గుమ్మం దగ్గర ఆపలేదు. అందుకు రహస్య లిపి, గట్టి పాస్‌వర్డ్, వేరుగా దాచిన నకలు కావాల్సిందే. దొంగ ఏ రికార్డు మార్చాడో పట్టిచ్చే చెరగని సాక్షి మాత్రం ఇదే.

2021లో టాటా స్టీల్, హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు ద్వారా యూఏఈకి ఉక్కు అమ్మినప్పుడు పత్రాలన్నీ బ్లాక్‌చెయిన్ మీదే నడిచాయి. సరుకు చీటీకి ఇంత కాపలా సాధ్యమైనప్పుడు, ఆ ఉక్కు పోసిన కార్మికుడి గుండె రిపోర్టుకూ సాధ్యమే. 'నా రికార్డు ఎవరు చూశారు, ఎవరు దిద్దారు?' అని ఆసుపత్రిని అడగడం మనం మొదలుపెట్టాలి.