బిళ్ల సమంగా ఉండాలి: ఇంటి రోజిన్‌కు ఏ అచ్చు?

గంజాయి వ్యక్తిగత వాడకాన్ని చట్టం ఒప్పుకున్న కెనడాలోనూ, అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లోనూ ఇళ్లలో ఒక చిన్న యంత్రం చోటు సంపాదించుకుంది. రెండు లోహపు పలకలు, వాటిని వేడెక్కించే కాయిల్, ఒకదాని మీదికి ఇంకొకదాన్ని నెట్టే జాకీ. అంతే దాని నిర్మాణం. గంజాయి పూలను ఆ పలకల మధ్య పెట్టి నొక్కితే వాటిలోని బంక కరిగి బయటికి కారుతుంది. అలా వచ్చిన ముద్దను రోజిన్ అంటారు. ఈ యంత్రంతో పాటు అమ్మే పనిముట్లలో అన్నిటికంటే సాదాసీదాగా కనిపించేది ప్రీ-ప్రెస్ అచ్చు. పూలను పలకల మధ్యకు పంపే ముందు గట్టి బిళ్లగా అదిమిపెట్టే లోహపు పెట్టె అది. కింద ఒక పీట, మధ్యలో గోడలు, పైనుంచి దిగే ఒక దిమ్మ. మూడు ముక్కలే కాబట్టి ఏది కొన్నా ఒకటే అనిపిస్తుంది. అమ్మేవాళ్లు మాత్రం ఎన్ని టన్నులు తట్టుకుంటుందో పెద్ద అక్షరాల్లో రాస్తారు, కొనేవాళ్లు ఆ అంకెనే చూస్తారు. నిజానికి చూడకూడనిది ఆ అంకెనే. అచ్చు పని నొక్కడం కాదు, సమం చేయడం. అందుకే దాన్ని కొలతను బట్టి, ఆకారాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఈ పద్ధతి ఇళ్లలోకి ఎందుకొచ్చిందో ముందు తెలియాలి. అంతకుముందు ఇంట్లో గంజాయి సారం తీసేవాళ్లలో చాలామంది బ్యూటేన్ గ్యాసు వాడేవాళ్లు. గొట్టంలో పూలు కూరి, అందులోంచి ద్రవ బ్యూటేన్ పంపితే అది బంకను కరిగించుకుని కిందికి దిగుతుంది. తర్వాత బ్యూటేన్ ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. తలుపులు మూసిన గదిలో నేల వెంబడి పాకుతుంది. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, గది పేలిపోవడానికి. కొలరాడోలో 2014లో దుకాణాల్లో గంజాయి అమ్మకాలు మొదలైన తర్వాత ఇలాంటి పేలుళ్లు, కాలిన గాయాలు పెద్ద సమస్య అయ్యాయి. లైసెన్సు లేనివాళ్లు ప్రమాదకరమైన ద్రావకాలతో సారం తీయడాన్ని ఆ రాష్ట్రం 2015లో చట్టం చేసి నిషేధించింది. కెనడా 2018 అక్టోబరు 17న అమల్లోకి తెచ్చిన గంజాయి చట్టం కూడా ఇదే గీత గీసింది. పెద్దవాళ్లు ఇంట్లో గంజాయితో పదార్థాలు చేసుకోవచ్చు కానీ, మండే సేంద్రియ ద్రావకాలు వాడకూడదు. వేడి, ఒత్తిడి తప్ప మరేదీ వాడని రోజిన్ ఆ గీతకు ఇవతల నిలబడింది. సుమారు 2015 నుంచి జుట్టు సాపు చేసే ఇస్త్రీ కడ్డీతో ఈ ప్రయోగం చేసేవాళ్లు పెరిగారు. ఆ తర్వాతే దీనికోసం ప్రత్యేకంగా ప్రెస్సులు, సంచులు, అచ్చులు మార్కెట్లోకి వచ్చాయి.

పిండినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూస్తే అచ్చు అవసరం అర్థమవుతుంది. గంజాయి పూల మీద మంచులా మెరిసేవి ట్రైకోమ్‌లు. సన్నటి కాడ, దాని కొసన బుడగలాంటి తల. మనకు కావలసిన బంకంతా ఆ తలలోనే ఉంటుంది. తల వెడల్పు ఒక మిల్లీమీటరులో పదోవంతు, అంతకన్నా తక్కువ కూడా. పూలను నైలాను లేదా పాలియెస్టర్ జాలీతో కుట్టిన చిన్న వడపోత సంచిలో పెట్టి, దాదాపు 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న పలకల మధ్య నొక్కుతారు. తలలు చిట్లి, బంక పలచబడి జాలీ దాటుతుంది, పిప్పి లోపలే ఉండిపోతుంది. అయితే పూలు సహజంగా గుల్లగా ఉంటాయి. వాటి మధ్య గాలి ఖాళీలెన్నో. సంచిలో ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా పడితే పలకల బలమంతా మందమైన చోటే పడుతుంది. అక్కడ సంచి చిరుగుతుంది, పలచగా ఉన్నచోట బంక దిగదు. జంతికల గొట్టంలో పిండి కూరేటప్పుడు మధ్యలో గాలి మిగిలితే తీగ ఎలా తెగిపోతుందో తెలిసిన వాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. గాలికి ఇంకో దోషమూ ఉంది. అది వేడిని సరిగా ప్రసరించనివ్వదు. ఒకే బిళ్లలో ఒక మూల మాడుతుంటే ఇంకో మూల చల్లగా ఉంటుంది. అచ్చు ఆ గాలిని బయటికి తోసి, అంతటా ఒకే మందం ఇస్తుంది.

ఒకే మందం ఎంత ముఖ్యమో, ఎంత వైశాల్యం అన్నదీ అంతే ముఖ్యం. ప్రెస్సు గేజీ చూపించేది మొత్తం బలాన్ని. బిళ్ల అనుభవించేది చదరపు అంగుళానికి ఎంత అన్నది. అమెరికాలో ఒక టన్ను అంటే 2,000 పౌండ్లు. 2 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల పొడవు ఉన్న బిళ్ల వైశాల్యం 8 చదరపు అంగుళాలు. దాని మీద 4 టన్నులు, అంటే 8,000 పౌండ్లు పడితే చదరపు అంగుళానికి 1,000 పౌండ్లు. పూలతో చేసే రోజిన్‌కు ఇది సాధారణంగా సరిపోయే ఒత్తిడి. అదే జాకీని అదే 4 టన్నుల దాకా కొట్టి, ఒక అంగుళం వ్యాసం ఉన్న గుండ్రటి బిళ్ల మీద పెడితే? దాని వైశాల్యం ముప్పావు చదరపు అంగుళం కంటే కాస్త ఎక్కువ. ఒత్తిడి చదరపు అంగుళానికి 10,000 పౌండ్లు దాటుతుంది. జాలీ కుట్లు అంత తట్టుకోవు. గేజీ మీద ముల్లు రెండుసార్లూ ఒకే చోట ఆగినా, ఫలితాలు రెండూ వేర్వేరు. ఆ తేడా తెచ్చింది ప్రెస్సు కాదు, అచ్చు. అందువల్ల 20 టన్నుల ప్రెస్సు కొన్నాం కదా అని చిన్న అచ్చు తీసుకున్నవాళ్లకు సంచులు చిరగడమే మిగులుతుంది. చిన్న చేతి ప్రెస్సు ఉన్నవాళ్లు పెద్ద దీర్ఘచతురస్రపు అచ్చు కొంటే చాలినంత ఒత్తిడి ఎప్పటికీ రాదు. ముందు తన ప్రెస్సు నిజంగా ఎంత బలం ఇస్తుందో, పలకల కొలత ఎంతో చూసుకుని, దాన్నిబట్టి బిళ్ల వైశాల్యం లెక్కవేసుకోవాలి. బిళ్ల చుట్టూ పలక అంచు అన్నివైపులా కనీసం అర అంగుళమైనా మిగలాలి, బంక కారి నిలవడానికి.

ఆకారం సంగతి ఇంకా ఆసక్తికరం. కరిగిన బంక బిళ్ల నడిమి నుంచి అంచు దాకా ప్రయాణించాలి. ఎంతసేపు వేడిలో ఉంటే వాసననిచ్చే టర్పీన్లు అంతగా ఎగిరిపోతాయి, రంగు ముదురుతుంది. 2×4 అంగుళాల బిళ్లలో నట్టనడుమ ఉన్న బంక కూడా దగ్గరి అంచు చేరడానికి ఒక అంగుళం నడిస్తే చాలు. అదే 8 చదరపు అంగుళాల వైశాల్యాన్ని గుండ్రంగా చేస్తే ఆ దూరం 1.6 అంగుళాలు. ఇంతే తేడా కదా అనకూడదు. వేడి పలకల మధ్య ఆ అర అంగుళమే రంగులో, వాసనలో కనిపిస్తుంది. అందుకే ఎక్కువ పూలు పిండేవాళ్లకు సన్నగా పొడుగ్గా ఉన్న దీర్ఘచతురస్రమే మేలని నా అభిప్రాయం. గుండ్రం వైపు వాదించేవాళ్ల మాటలోనూ బలం ఉంది. మూలలుండవు కాబట్టి అక్కడ ఒత్తిడి పేరుకోదు, కుట్లు మూలల్లో పిగలవు. నిజమే. కాబట్టి దీర్ఘచతురస్రం కొనేటప్పుడు మూలలు కొద్దిగా గుండ్రంగా తీర్చిన అచ్చును వెతకాలి, కత్తిలా మూలలున్నదాన్ని వదిలేయాలి. నిలువు సిలిండర్ అచ్చులు వేరే తరహా. సంచిని సీసాలా నింపి, పలకల మధ్య నిలబెట్టి నొక్కుతారు. మొదట చిన్న వైశాల్యం, నొక్కుతున్నకొద్దీ పరుచుకుంటూ పోతుంది. బంక అన్ని వైపులా త్వరగా దిగుతుంది కానీ, మొదటి క్షణాల్లో జాకీని ఎంతో మెల్లగా నడిపే చేయి కావాలి. కొత్తవాళ్లకు నేను దాన్ని సూచించను.

‘ముందే గట్టిగా నొక్కితే తర్వాత పని తేలిక కదా, మరి టన్నులు తట్టుకునే అచ్చు మంచిదేగా’ అనే వాదన వినిపిస్తుంది. ఇది సరైనది కాదు. చల్లగా ఉన్నప్పుడే మరీ అదిమితే ట్రైకోమ్ తలలు అచ్చులోనే చిట్లుతాయి, బంక లోహానికి అంటుకుపోతుంది. అలా అంటిన ప్రతి చుక్కా నష్టమే. పైగా రాయిలా బిగిసిన బిళ్ల నడిమి నుంచి బంక దిగే దారులూ మూసుకుపోతాయి. అచ్చు నుంచి బయటికి తీసినప్పుడు బిళ్ల విడిపోకుండా నిలిస్తే ఆ అదుము చాలు. దానికి చేతి బలం, లేదా వడ్రంగి వాడే చిన్న బిగింపు సరిపోతుంది.

తయారీ విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు బరువు, చిరకాలం ఉంటుంది. అల్యూమినియం తేలిక, చవక, కానీ గీతలు పడితే ఆ గీతల్లో బంక చేరుతుంది. ఇంట్లో త్రీడీ ప్రింటర్ మీద చేసుకునే ప్లాస్టిక్ అచ్చుల పొరల మధ్య కూడా బంక ఇరుక్కుని వదలదు. వాటిలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, పొరపాటున వేడి పలక తగిలితే వంకర పోతుంది. అసలు పరీక్ష దిమ్మకు, గోడకు మధ్య ఉండే సందు. అది వదులుగా ఉంటే జాలీ అందులో ఇరుక్కుని నలుగుతుంది, బిళ్ల ఒకవైపు వాలుతుంది. మరీ బిగుతుగా ఉంటే గాలి బయటికి పోదు. అచ్చు లోపలి కొలత సంచి కొలత కంటే కాస్త తక్కువ ఉండాలని మర్చిపోకూడదు. సంచి మూతి మడవడానికి చోటు కావాలి.

‘అచ్చే అక్కర్లేదు, వేళ్లతో కూరితే చాలదా?’ అనేవాళ్లున్నారు. గ్రాము, రెండు గ్రాములు పిండేవాళ్ల విషయంలో ఇది ఒప్పుకోవలసిన మాటే. అంత చిన్న ముద్దను వేళ్లు సమం చేయగలవు. ఏడు, పది గ్రాములు దాటితే చేయలేవు. ఐస్ నీళ్లతో పూల నుంచి ట్రైకోమ్‌లను విడదీసి ఆరబెట్టిన హ్యాష్‌కు పద్ధతి వేరు. అది ఇప్పటికే పొడి, ఖాళీలు తక్కువ. దాని సంచి జాలీ రంధ్రాలు 25 నుంచి 37 మైక్రాన్లంత సన్నం. అక్కడ చిన్న అచ్చు, మెత్తటి అదుము, తక్కువ వేడి. పూలకోసం కొన్న పెద్ద అచ్చును హ్యాష్‌కు వాడితే బిళ్ల కాగితమంత పలచనై విరిగిపోతుంది. ఇంకో మాట, ఏ అచ్చూ సరుకును బాగు చేయదు. ఎండిపోయి పొడిపొడి అయిన పాత పూలలో బంకను పిప్పే పీల్చేసుకుంటుంది. మంచి పూల నుంచైనా వాటి బరువులో నాలుగోవంతు దాటి రావడం అరుదు. అచ్చు మార్చగానే దిగుబడి రెట్టింపవుతుందనే ప్రకటనలు నమ్మదగినవి కావు.

ఇదంతా తెలుగు పాఠకులకు ఎందుకన్న ప్రశ్న సహేతుకమే. విశాఖ మన్యం నుంచి పట్టుబడిన గంజాయి వార్తలు తప్ప ఆ మొక్కతో మనలో చాలామందికి పరిచయం లేదు. భారతదేశంలో ఇంట్లో ఈ పని చేయడానికి ఏ వెసులుబాటూ లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూల కొసలను గంజాయి అంటుంది, మొక్క నుంచి వేరుచేసిన బంకను ఏ రూపంలో ఉన్నా చరస్ అంటుంది. ఆ లెక్కన రోజిన్ చరస్సే. గంజాయిని 20 కిలోల దగ్గర వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తే, చరస్‌ను ఒక కిలో దగ్గరే లెక్కిస్తారు. ఆ గీత దాటితే కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం. ఈ తేడా అర్థంలేనిది కాదు. పూలలో సాధారణంగా 15 నుంచి 25 శాతం ఉండే మత్తుపదార్థం రోజిన్‌లో 60, 70 శాతం దాటుతుంది. అనుమతించిన చోట్ల కూడా చట్టం ఇదే తూకం వేస్తుంది. కాలిఫోర్నియాలో 21 ఏళ్లు నిండినవాళ్లు 28.5 గ్రాముల గంజాయి ఉంచుకోవచ్చు, సాంద్రమైన సారమైతే 8 గ్రాములే. కెనడాలో బహిరంగంగా వెంట ఉంచుకోగల 30 గ్రాముల ఎండు గంజాయికి సమానం 7.5 గ్రాముల సారం.

ఆ చోట్ల మన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. అమెరికాలో ఉన్నవాళ్లలో చాలామంది వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు. వాళ్లు అచ్చు కొలతకంటే ముందు చూసుకోవలసింది ఇంకొకటుంది. అమెరికాలో వలస వ్యవహారాలు ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి, రాష్ట్రం ఇచ్చిన అనుమతి అక్కడ చెల్లదు. ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి నియంత్రిత పదార్థమే. కోర్టులో శిక్ష పడకపోయినా, అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కూడా దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. రాష్ట్ర చట్టం ప్రకారం నడుచుకున్నా సరే, గంజాయి వ్యవహారాలు పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కాగలవని అమెరికా పౌరసత్వ విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టంగానే రాసింది. కెనడా నుంచి అమెరికాకు సరిహద్దు దాటేటప్పుడు రెండువైపులా అనుమతి ఉన్న ప్రాంతాలే అయినా రోజిన్ తీసుకెళ్లడం నేరమే.